పడవకి పాడె కట్టేదెవరు?

మా అల్వాల్‌లో పొద్దున్న తొమ్మిది దాటిందంటే పాత సామాన్ల తోపుడుబండి వస్తుంది. పాత పేపర్లు, ఇనప సామాన్లు, ప్లాస్టిక్ సామాన్లు కొంటామంటూ స్పీకర్లో ఒకటే రికార్డు. సెమినార్లూ ఫ్లెక్సీలూ లేకుండా ఈ దేశంలో పనిచేసే పర్యావరణ శాఖ ఏదన్నా ఉందంటే అదేనని నా గట్టి నమ్మకం. కాలిపోయిన మిక్సీ, విరిగిన బకెట్టు, తుప్పు పట్టిన కూలరు, ఏ కాలందో డబ్బా మానిటరు, అన్నీ తీసుకుంటాడు. తూకం వేసి ఎదురు డబ్బులిస్తాడు కూడా. అలాంటి మనిషి ఒక వస్తువుని మాత్రం వేలితో టకటకా కొట్టి చూసి, "ఇది నాకొద్దు సార్, ఊరికే ఇచ్చినా ఎవ్వరూ తీస్కోరు" అని బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు. అది ఫైబర్ పడవ.

సముద్రం లేని ఊళ్ళో పడవేంట్రా బాబూ అనకండి. ట్యాంక్‌బండ్ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఎప్పుడైనా నీళ్ళవైపు చూస్తే తెరచాపలు కనబడతాయి. హుస్సేన్ సాగర్లో తెరచాప పడవల సరదా చాలా ఏళ్ళ నుంచీ ఉంది. ఆర్మీవాళ్ళ ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్, సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్, తరవాత వచ్చిన యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్, వీళ్ళందరి పడవలూ దాదాపుగా ఫైబర్‌గ్లాస్‌వే. మా పక్కవీధిలో ఆర్మీలో చేసి రిటైరైన అంకుల్ ఒకాయన ఉండేవారు. సర్వీసులో ఉన్నప్పుడు అంటుకున్న పిచ్చి రిటైరయ్యాకా వదల్లేదు. తెలిసినవాళ్ళ దగ్గర పదమూడు అడుగుల పాత పడవొకటి కొన్నారు. బాగుచేసి మనవలకి నేర్పిస్తానన్నారు. మనవలు డాలస్‌లో ఉన్నారు, అంకుల్ నాలుగేళ్ళ కిందట పోయారు, పడవ మాత్రం ఇంటిపక్క ఖాళీ ప్లాటులో ట్రాలీ మీద అలాగే ఉండిపోయింది. వానాకాలంలో దాన్నిండా నీళ్ళు, నీళ్ళనిండా దోమలు. ఈమధ్య ఆ ప్లాటు ఓనరు ఇల్లు కట్టుకోవడం మొదలుపెట్టి, నెల రోజుల్లో తీసెయ్యమన్నాడు. ఆంటీ నన్ను పిలిచి, "నువ్వు కంప్యూటరోడివి కదా నాయనా, దీన్నెక్కడ పడెయ్యాలో కాస్త చూసి చెప్పు" అన్నారు.

కంప్యూటర్ వాడికి పడవతో ఏం పని అని మా ఆవిడ నవ్వింది గానీ, సంబంధం లేకపోలేదు. ఇప్పుడు మీ ముందున్న లాప్‌టాప్ విప్పితే లోపల కనబడే ఆకుపచ్చ బోర్డు ఫైబర్‌గ్లాసే. గాజు పోగుల బట్టని ఎపాక్సీ రెసిన్‌లో ముంచి గట్టిపరిచి, దానిమీద రాగి గీతలు వేస్తారు. పడవకైతే ఎపాక్సీ బదులు ఎక్కువగా పాలియెస్టర్ రెసిన్ వాడతారు. రెండూ ఒకే కుటుంబం. తేడా ఏమిటంటే, మదర్‌బోర్డులో రాగి ఉంది, రవ్వంత బంగారం ఉంది, అందుకని దానికోసం ఎగబడేవాళ్ళున్నారు. 2022 ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం తయారీదారుడి మీద బాధ్యత కూడా ఉంది. పడవలో బంగారం లేదు. నిబంధనల సంగతికి తరవాత వస్తాను.

అసలు కబాడీవాడు ఎందుకు వద్దన్నాడు? ప్లాస్టిక్కుల్లో రెండు జాతులున్నాయి. ఒకటి మైనం లాంటిది. వేడిచేస్తే కరుగుతుంది, కరిగించి ఇంకో అచ్చులో పోసుకోవచ్చు. మన మేడల మీదుండే నల్ల ప్లాస్టిక్ నీళ్ళ ట్యాంకులు ఈ జాతివే, అందుకే పగిలిన ట్యాంకుకి కూడా రేటుంది. రెండోది ఉడికిన గుడ్డు లాంటిది. ఒకసారి గట్టిపడితే అంతే, ఎంత వేడిచేసినా మాడుతుంది తప్ప కరగదు. దీన్నే థర్మోసెట్ అంటారు. పడవ ఈ జాతి. మన భాషలో చెప్పాలంటే సోర్స్ కోడ్ పోయి ఎగ్జిక్యూటబుల్ మాత్రం మిగిలిన ప్రోగ్రాం. నడిచినన్నాళ్ళు నడుస్తుంది, ఆగిపోతే దాంట్లోంచి ఒక్క ముక్క పనికొచ్చేది తియ్యలేం. 1942లో అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో రే గ్రీన్ అనే ఆయన మొదటి ఫైబర్‌గ్లాస్ పడవల్లో ఒకటి తయారుచేశాడు. చెదపట్టదు, కుళ్ళదు, తుప్పుపట్టదు అని లోకమంతా మెచ్చుకుంది. ఆ మెచ్చుకున్న గుణాలే ఇప్పుడు మన పీకలమీద కూర్చున్నాయి.

ఆదివారం కాలనీ మీటింగులో విషయం పెడితే సలహాలకి కొదవేముంది. ఒకాయన తగలబెట్టెయ్యమన్నారు. ఇంకొకాయన ఎలాగూ పక్క ప్లాటులో పునాదులు తవ్వుతున్నారు కదా, జేసీబీవాడికి ఐదొందలిస్తే పూడ్చేస్తాడన్నారు. మూడో ఆయన కాస్త గొంతు తగ్గించి, "రాత్రిపూట కొత్త చెరువులోకి తోసేస్తే సరి, పడవే కదా, నీళ్ళలో ఉండాల్సిందేగా" అన్నారు. అందరూ నవ్వారు. కానీ నవ్వుతూనే ఆ సలహాని ముగ్గురు నలుగురు బలపరిచారు. నాకు భయమేసింది అక్కడే. వీళ్ళేమీ చెడ్డవాళ్ళు కారు. వినాయక చవితికి మట్టి బొమ్మలే కొనాలని వాట్సాప్‌లో తిరిగి తిరిగి పంపించేవాళ్ళు వీళ్ళే.

పాలియెస్టర్ రెసిన్‌లో స్టైరీన్ ఉంటుంది. మంటపెడితే నల్లటి పొగ, గొంతు పట్టేసే వాసన, అదంతా అయ్యాక కూడా గాజు పోగులు చాపలాగా అక్కడే మిగిలిపోతాయి. అంటే తగలబెట్టినా పోదన్నమాట, పోయేది మన ఊపిరితిత్తులే. పైగా బయట చెత్త తగలబెట్టడాన్ని 2016 డిసెంబర్లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించింది. మామూలుగా తగలబెడితే ఐదువేలు, పెద్దమొత్తంలో అయితే పాతికవేలు జరిమానా. పూడ్చడం, చెరువులో పడెయ్యడం సంగతా? అదే ఏడాది వచ్చిన ఘన వ్యర్థాల నిబంధనల్లో సూటిగా రాసేశారు: చెత్త ఎవరిదైతే వాళ్ళు దాన్ని వీధిలో గానీ, బయట ఖాళీ జాగాలో గానీ, మురిక్కాలవలో గానీ, చెరువులో గానీ పడెయ్యకూడదు, తగలబెట్టకూడదు, పూడ్చకూడదు. కాలనీలో వచ్చిన మూడు సలహాలనీ ఒకే వాక్యంలో కొట్టిపారేశారు :)

సరే, చెయ్యకూడనివి తెలిశాయి. చెయ్యాల్సిందేమిటి?

ఇక్కడే నాకు ఆశ్చర్యం కలిగింది. మన దేశంలో ఇలాంటివాటికి రూల్సే ఉండవనుకుంటాం. ఉన్నాయి! 2016లో వచ్చిన ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనల్లో థర్మోసెట్ ప్లాస్టిక్ గురించి విడిగా ఒక మాటుంది, దాన్ని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాల ప్రకారం వదిలించుకోవాలని. ఆ మండలి అదే సంవత్సరం ఫైబర్‌గ్లాస్ పేరు పెట్టి మరీ మార్గదర్శకాలు విడుదల చేసింది. సారాంశం ఇది: ముందు అసలు వ్యర్థమే తగ్గించండి, మిగిలినదాన్ని సిమెంట్ ఫ్యాక్టరీ కొలిమికి పంపండి, అది కుదరకపోతే పద్ధతిగా కట్టిన సురక్షిత ల్యాండ్‌ఫిల్‌లో వెయ్యండి.

సిమెంట్ కొలిమి ఎందుకంటే, అది నిజంగా చాలా తెలివైన ఆలోచన. ఆ కొలిమిలో సరుకు దాదాపు 1450 డిగ్రీలకి చేరుతుంది, మంట దగ్గర 2000 దాకా ఉంటుంది. ఆ వేడికి రెసిన్ పూర్తిగా మండిపోయి కొంత బొగ్గుని ఆదా చేస్తుంది. గాజులో ఉండేది సిలికా, సున్నం, అల్యూమినా. సిమెంట్‌కి కావలసిన ముడిసరుకూ అవే. కాబట్టి బూడిద అంటూ విడిగా మిగలదు, గాజంతా సిమెంట్‌లోనే కలిసిపోతుంది. జర్మనీలో గాలిమరల రెక్కల్ని ఇలాగే చేస్తున్నారు. మనకి సిమెంట్ ఫ్యాక్టరీలకి కరువా? ఇటు తాండూరు, అటు హుజూర్‌నగర్, మేళ్ళచెరువు, రాష్ట్రం సరిహద్దు దాటితే జగ్గయ్యపేట. చచ్చిన పడవ మళ్ళీ ఎవరింటికో స్లాబుగా పుడుతుందన్నమాట. పునర్జన్మ అంటే ఇంతకన్నా ఏముంటుంది.

కాగితం మీద ఇంత చక్కగా ఉంది కదా అని ఫోన్లు మొదలుపెట్టాను. మనవాళ్ళకి ఈ అనుభవం తెలిసిందే. డాక్యుమెంటేషన్ బ్రహ్మాండంగా ఉంటుంది, ఏపీఐ పేర్లన్నీ ఉంటాయి, తీరా కాల్ చేస్తే అవతల సర్వీసే ఉండదు. ఒక ఆఫీసువాళ్ళు ఇది మా పరిధి కాదు, ఫలానావాళ్ళనడగండి అన్నారు. ఫలానావాళ్ళు మీరు కంపెనీయా, మీ రిజిస్ట్రేషన్ నంబరెంత అన్నారు. కంపెనీ కాదండీ, ఒక ఆంటీ అన్నాను. కాసేపు నిశ్శబ్దం. ఇంకోచోట ఒక పెద్దమనిషి మాత్రం ఓపిగ్గా వివరించాడు. కొలిమికి పంపాలంటే ముక్కలు చేసి, ఏమేం కలిసుందో చెప్పి, లారీ లోడులెక్కన పంపాలట. వంద కిలోలు పట్టుకుని సిమెంట్ ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడితే సెక్యూరిటీవాడు కూడా పలకడు. దుండిగల్‌లో ప్రమాదకర వ్యర్థాల కేంద్రం ఉంది, మాకు దగ్గరే. అదీ ఫ్యాక్టరీలతో ఒప్పందాల మీద నడిచే వ్యవహారమే. ఇంటి చెత్త తీసుకెళ్ళే స్వచ్ఛ ఆటో అతన్ని అడగనే లేదు, పడవ కన్నా ఆటో చిన్నది.

ఈలోపు బతికించే ప్రయత్నం కూడా చేశాం, ఎందుకంటే అన్నిటికన్నా మంచి మార్గం అదే. ఫైబర్ పడవని బాగుచేసుకుని ఇంకో పదేళ్ళు వాడుకోవచ్చు, చిన్నచిన్న పగుళ్ళకైతే గాజు చాప, రెసిన్ చాలు. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే పెద్దాయనొకరు వచ్చి చూశారు. రూపాయి బిళ్ళతో పడవ అడుగంతా కొట్టుకుంటూ పోయారు. బాగున్నచోట ఖణేల్ మంటుంది, లోపల పొరలు విడిపోయినచోట బద్దగా మోగుతుంది. సగం పడవ బద్దగానే మోగింది. "పుచ్చకాయైతే కొంటుంటి బిడ్డా" అన్నాడాయన. తేలడానికని లోపల నింపిన ఫోమ్ కూడా ఏళ్ళ తరబడి నీళ్ళు పీల్చి బరువెక్కిపోయింది. అంకుల్ ఉండుంటే ఒప్పుకునేవారు కాదేమోగానీ, ఆ పడవ ఆయుష్షు తీరిపోయింది.

చివరికి దారి దొరికింది జీడిమెట్లలో. అక్కడ ఫైబర్ తలుపులు, ట్యాంకులు చేసే చిన్న వర్క్‌షాపతను తన దగ్గర మిగిలే ముక్కల్ని పోగుచేసి, ఇంకో నలుగురివాటితో కలిపి కొలిమికి పంపే ఏర్పాటు చేసుకున్నాడు. మీ ముక్కలు కూడా అందులో వేస్తాను, కాకపోతే ఖర్చు మీది, ముక్క రెండడుగులు దాటకూడదు, ఇనుము, చెక్క, ఫోమ్ ఉండకూడదు అన్నాడు. అంత స్పష్టమైన రిక్వైర్‌మెంట్స్ నాకు ఏ క్లయింటూ ఇవ్వలేదు.

కొయ్యడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో అసలు నష్టపోయేది కూలివాళ్ళు. పని ఒప్పుకున్న ఇద్దరు కుర్రాళ్ళు టైల్స్ కోసే గ్రైండరు తెచ్చారు, ముఖానికి తువ్వాలు కట్టుకున్నారు. గ్రైండరుతో ఫైబర్‌గ్లాస్ కోస్తే లేచేది పిండిలాంటి గాజు ధూళి. ఒంటిమీద పడితే రెండ్రోజులు దురద, ఊపిరిలోకి పోతే లెక్క వేరు. దానికి బదులు ముందుకీ వెనక్కీ ఆడే రంపం మిషన్ అద్దెకి తెచ్చాం, దాంతో రాలేది లావు పొట్టు, గాల్లోకి అంతగా లేవదు. కింద టార్పాలిన్ పరిచి, కోసేచోట నీళ్ళు చిమ్ముతూ, ఎన్-95 మాస్కులు, కళ్ళద్దాలు, పొడుగు చేతుల చొక్కాలు. పొట్టంతా ఊడ్చి సంచిలో కట్టేశాం. మాస్కులెందుకు సార్ అని మొదట నవ్విన కుర్రాడే, మధ్యాహ్నం ఎండలో గాల్లో మెరుస్తున్న పోగుల్ని చూసి, భోజనానికి ముందు మోచేతులదాకా కడుక్కున్నాడు. ఇలాంటి పని కాంట్రాక్టుకిచ్చి ఆఫీసుకెళ్ళిపోయేవాళ్ళు ఒక పూట సెలవు పెట్టి పక్కన నిలబడాలని నా అభిప్రాయం.

మాది ఇంజను లేని పడవ కాబట్టి కాగితాల గొడవ లేదు. ఇంజను పడవకైతే రిజిస్ట్రేషన్ ఉంటుంది. 2021 అంతర్గత జల నౌకల చట్టం కింద అయినా, మత్స్యశాఖ దగ్గర అయినా, పడవని తుక్కు చేసేముందు ఆ సర్టిఫికెట్ వెనక్కిచ్చి రద్దు చేయించుకోవాలి. బ్యాటరీ ఉంటే బ్యాటరీ షాపువాడికి, ఆయిల్ విడిగా డబ్బాలోకి. ఇవన్నీ తేలికే, అన్నిటికీ తీసుకునేవాళ్ళున్నారు.

లెక్కలోకొస్తే, తెరచాప కట్టే అల్యూమినియం కర్ర, ట్రాలీ ఇనుము అమ్మితే మూడువేల మూడొందలు వచ్చాయి (ఇవి మాత్రం మన తోపుడుబండి అతను సంతోషంగా పట్టుకెళ్ళాడు). కూలీ, రంపం అద్దె, మాస్కులు, ట్రాలీ ఆటో, జీడిమెట్ల అతనికిచ్చింది అన్నీ కలిపి ఎనిమిదివేలు. అంటే ఎదురు నాలుగువేల ఏడొందలు. ఫ్యామిలీ పెన్షన్ మీద బతికే ఆంటీ ఆ డబ్బు నా చేతిలో పెట్టారు, వద్దంటే ఊరుకోలేదు. చట్టాన్ని గౌరవించినందుకు నాలుగువేల ఏడొందలు ఫైను. జేసీబీవాడికిచ్చుంటే ఐదొందల్లో అయిపోయేది. నిజాయితీ తప్పు కన్నా తొమ్మిది రెట్లు ఖరీదైనప్పుడు ఎంతమంది నిజాయితీగా ఉంటారంటారు?

మనవాళ్ళు వెంటనే అనే మాట "జనాల్లో అవేర్‌నెస్ లేదండీ". నాకీ మాట వింటే ఒళ్ళు మండుతుంది. ఆంటీకి అవేర్‌నెస్ తక్కువేం కాలేదు, ఎక్కడ పడెయ్యాలని అడిగిందే ఆవిడ. లేనిది ఇచ్చేచోటు. దాన్ని ఏర్పాటు చెయ్యాల్సిన బాధ్యత పడవ చేసి అమ్మినవాడిది, అమ్మించిన ప్రభుత్వానిది. చివరికి ఎవరి చేతిలో మిగిలితే వాళ్ళది కాదు. సెల్‌ఫోన్‌కి ఈ సూత్రం ఒప్పుకున్నాం. కార్లకీ లారీలకీ కూడా ఒప్పుకున్నాం, ఆయుష్షు తీరిన వాహనాల నిబంధనలు 2025 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చాయి. పడవ చేసిన పాపమేమిటి? ఫ్రాన్స్‌లో 2019 నుంచి సరదా పడవలకి ఇదే పద్ధతి నడుస్తోంది. పడవలు అమ్మే కంపెనీలు కలిసి డబ్బు వేసుకుని విప్పే కేంద్రాలు నడుపుతాయి. పడవని అక్కడిదాకా చేర్చే ఖర్చొక్కటే ఓనరుది, విప్పడం ఉచితం.

హైదరాబాద్‌లో నాలుగు సరదా పడవలకి ఇంత గోలెందుకు అంటారేమో. కోస్తా వైపు చూడండి. ఒకప్పుడు ఉప్పాడలో, భీమిలిలో, నిజాంపట్నంలో చెక్క తెప్పలుండేవి. దుంగల్ని తాళ్ళతో కట్టేవారు. పాడైపోతే విప్పి పొయ్యిలో పెట్టుకునేవారు, కథ ముగిసేది. 2004 డిసెంబర్ సునామీ తరవాత సాయంగా ఇచ్చినవాటిలో ఫైబర్ బోట్లు చాలా ఉన్నాయి, క్రమంగా చెక్క తెప్ప మూలపడింది. మంచిదే, ఫైబర్ బోటు తేలిక, మరమ్మతు తక్కువ, ఇంజను పెట్టుకోవచ్చు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో కూడా సంప్రదాయ మత్స్యకారులకి పాత పడవల బదులు కొత్తవి కొనుక్కోవడానికి సాయం ఉంది. ఆ "బదులు" అనే మాట దగ్గర ఆగి ఆలోచిస్తే చాలు. కొత్తది వచ్చింది సరే, పాతది ఎటు పోయింది? ఇసకలో బోర్లించి ఉంటుంది, లేదా సముద్రంలో ఉంటుంది. ఎండకి పైపొర పొడిపొడిగా రాలి, గాజు పోగులు బయటపడి, అవి ఇసకలోకి, నీళ్ళలోకి, అక్కణ్ణించి చేపల్లోకి. చెరువైనా సముద్రమైనా ఇదే వరస.

దీనిమీద ఒక మిత్రుడు న్యాయమైన అభ్యంతరమే లేవదీశాడు. తయారీదారుడి మీద వేస్తే వాడు ధరలో కలుపుతాడు, చివరికి మత్స్యకారుడే కదా కట్టేది అని. నిజమే, సరదా పడవకీ పొట్టకూటి పడవకీ ఒకే లెక్క కుదరదు. సరదా పడవ కొనేవాడు కట్టుకోగలడు, ధరలో కలపనివ్వండి. మత్స్యకారుడి విషయంలో సబ్సిడీ ఇచ్చే ప్రభుత్వమే ఆ భాగం కూడా పెట్టాలి. పాత పడవ తెచ్చి అప్పజెప్పినవాడికి ఎదురు డబ్బివ్వాలి కూడా. ఒడ్డున పడున్న పాత పడవకి కిలోకి పది రూపాయలిస్తామనండి, ఇసకలో కూరుకుపోయినవి కూడా తవ్వుకుని మరీ తెస్తారు. తోపుడుబండి సూత్రం అదే కదా. తెచ్చినవాటిని ఒకచోట పోగేస్తే లారీ లోడవుతుంది, లారీ లోడైతే సిమెంట్ కొలిమివాడు పలుకుతాడు.

చట్టం మారేదాకా ఆగక్కర్లేని పని కూడా ఒకటుంది. మన దగ్గర చెరువుల్లో తిరిగే బోట్లు, పార్కుల్లో పెడల్ బోట్లు, పిల్లల జారుడుబల్లలు, వీటిలో చాలా భాగం ప్రభుత్వాలు టెండరు పిలిచి కొనేవే. ఆ టెండరు కాగితంలో ఒక్క షరతు చాలు: వాడకం అయ్యాక సరఫరా చేసినవాడే వెనక్కి తీసుకోవాలి, కొలిమికి పంపినట్టు రసీదు చూపించాలి, అప్పటిదాకా కొంత డిపాజిట్టు మా దగ్గరే ఉంటుంది. ఐటీలో హార్డ్‌వేర్ కొనేటప్పుడు ఇలాంటి షరతులు మనం రోజూ రాస్తూనే ఉంటాం. అప్పటి అనంతపురం జిల్లా రామగిరిలో 1990లలో పెట్టిన గాలిమరల రెక్కలు కూడా ఈ సరుకే. ఒక్కో రెక్క మా ఆంటీ పడవకన్నా ఎన్నో రెట్లు బరువు. వాటి వంతు వచ్చేసరికి లారీల్ని ఎటు తిప్పాలో ఈలోపు ఎవరో ఒకరు తేల్చి ఉంచాలి.